షేక్‌పేట సరాయి: మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

గోల్కొండ చూద్దామని ఊరి నుంచి మా ఇంటికి దిగే చుట్టాలకు నేను ముందు షేక్‌పేట సరాయి చూపిస్తాను. కోటంటే అందరూ సినిమాల్లోనైనా చూసే ఉంటారు. ఈ సరాయి సంగతి మాత్రం దాని ముందు నుంచి రోజూ ఆఫీసుకి వెళ్ళేవాళ్ళకే తెలీదు. చూపించిన ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తుంటాయి. ఇన్నేళ్ళుగా నోటితో చెప్తున్నవాటిని ఇక్కడ రాసి పెడుతున్నాను.

సరాయా, సారాయా?

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే. మా బాబాయి అయితే "పాత సారాయి దుకాణమా?" అని ఉత్సాహంగా ఆటో దిగాడు. దీర్ఘం ఒకటి తగ్గితే ఎంత నిరాశో ఆయన మొహంలో చూశాను.

ఇది సరాయి. ఫార్సీ మాట. బస, విడిది అని అర్థం. బారులుగా వచ్చే వర్తకుల బిడారుని ఫార్సీలో కార్వాన్ అంటారు. ఆ బిడారు దిగే చోటు కార్వాన్‌సరాయి. మన కార్వాన్ పేట పేరు కూడా అక్కడి నుంచి వచ్చిందే. ఢిల్లీలో యూసుఫ్ సరాయ్, కాలూ సరాయ్, సరాయ్ రోహిల్లా, కాశీ దగ్గర 2018 దాకా మొగల్‌సరాయ్ అని పిలిచిన రైల్వే జంక్షన్, ఇవన్నీ ఒకప్పుడు బాటసారులు దిగిన చోట్లే.

ఎక్కడుంది? ఏమేం ఉన్నాయి?

గోల్కొండ కోటకీ, కుతుబ్ షాహీ సమాధులకీ దగ్గర్లో, షేక్‌పేటలో. రెండంతస్తుల రాతి కట్టడం. దాదాపు 30 గదులు, గుర్రాలకీ ఒంటెలకీ సాలలు, ఒక మసీదు, పేరు తెలియని ఒక సూఫీ సమాధి. రాష్ట్ర పురావస్తు శాఖ రక్షిత కట్టడాల జాబితాలో ఉంది.

ఎవరు కట్టించారు?

అబ్దుల్లా కుతుబ్ షా కాలంలో కట్టిందంటారు. 1626 నుంచి 1672 దాకా గోల్కొండని ఏలిన ఏడో సుల్తాను ఆయన. కట్టిన ఏడాది 1633-34 అని సాధారణంగా చెప్తారు. అంటే చార్మినార్ వయసు అప్పటికి నలభై ఏళ్ళకి కాస్త ఎక్కువ. కొత్త నగరం ఇంకా సున్నం వాసన వేస్తున్న రోజులన్నమాట.

ఆయన పన్నెండేళ్ళ వయసులో గద్దెనెక్కాడు. వెనక నుంచి రాజ్యం నడిపింది తల్లి హయత్ బక్షీ బేగం. ఒక సుల్తాను కూతురు, ఒక సుల్తాను భార్య, ఒక సుల్తాను తల్లి. జనం మా సాహెబా అని పిలిచేవారు. మాసాబ్ ట్యాంక్ అని మనం రోజూ అంటున్నది ఆవిడ పేరే. అక్కడ ట్యాంకూ లేదు, ఆవిడ సంగతి తెలిసినవాళ్ళూ పెద్దగా లేరు.

కోట అంత దగ్గర్లో ఉంటే బయట ఆగడం ఎందుకు? లోపలికే వెళ్ళిపోవచ్చు కదా?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. లోపలికి వెళ్ళడం అంత తేలిక కాదు కాబట్టే ఇలాంటి సరాయిలు బతికాయి.

17వ శతాబ్దం మధ్యలో టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి వజ్రాల కోసం ఈ రాజ్యానికి చాలాసార్లు వచ్చాడు. భాగ్‌నగర్‌లోకి, అంటే మన హైదరాబాద్‌లోకి, కొత్తవాడు అడుగుపెట్టాలంటే ఏం జరిగేదో వివరంగా రాశాడు. గేటు దగ్గర సామాను మొత్తం విప్పించి ఉప్పు, పొగాకు ఉన్నాయేమోనని వెతికేవారట. రాజు గారి ఖజానాకి ఎక్కువ రాబడి ఆ రెండింటి మీదే మరి. ఆ తర్వాత కథ వేరు. కాపలా సిపాయి లోపలికి పోయి దారోగా గారికి, అంటే పై అధికారికి, కబురు చెప్పి అనుమతి తేవాలి. దారోగా గారు పనిలో ఉంటారు, లేదా ఊరి బయట వ్యాయామానికి వెళ్ళి ఉంటారు. ఒక్కోసారి ఆ సిపాయే "దొరగారు కనపడలేదు" అని ఉత్త చేతులతో తిరిగొస్తాడు. ఎన్నిసార్లు తిరిగితే అంత ఎక్కువ బక్షీసు! ఇలా ఒక రోజు, రెండు రోజులు బయటే గడిచిపోయేవట.

చుట్టాలకి ఇది చెప్తే ఎవరికీ ఆశ్చర్యం ఉండదు. "సార్ సీట్లో లేరు, రేపు రండి" అన్న మాట వినని తెలుగువాడు ఎవరు? టావెర్నియర్ చెప్పింది భాగ్‌నగర్ గేటు గురించి. రాజూ, ఖజానా ఉన్న కోట అంతకన్నా అలుసుగా ఉండి ఉంటుందని నేననుకోను. వంద ఎద్దులూ, వాటి మీద సరుకూ పెట్టుకుని రెండు రోజులు ఎండలో నిలబడలేరు కదా. గోడ, తలుపు, నీళ్ళు, పశువులకి నీడ కావాలి. అవన్నీ కోట గోడకి ఇవతల ఉండాలి. అదే సరాయి.

ఇంకో కారణం కూడా ఉంది. ఎవరో ఏమిటో తెలియని వందమంది మనుషుల్నీ, వాళ్ళ కత్తుల్నీ రాత్రి పూట కోటలోకి రానివ్వడం ఏ రాజుకైనా టెన్షనే.

ఇది ఏ దారి మీద ఉంది?

గోల్కొండ దర్వాజాల పేర్లు చదవండి, సగం జవాబు దొరుకుతుంది. పటాన్‌చెరు దర్వాజా, బంజారా దర్వాజా, మక్కా దర్వాజా. ఇప్పుడు బస్సుల ముందు బోర్డు ఎలా ఉంటుందో, అప్పుడు గేటు పేరు అలా ఉండేది. పటాన్‌చెరు దర్వాజా పడమటి దారి వైపు. పటాన్‌చెరు, అటునుంచి బీదర్, ఇంకా పైకి పోతే దౌలతాబాద్, సూరత్. షేక్‌పేట ఉన్నది కోటకి ఉత్తరాన, ఆ పడమటి దారులు వచ్చి కలిసే వైపున.

తూర్పు దారి వేరు. అది నగరం దాటి మచిలీపట్నం రేవుకి పోతుంది. డచ్చివాళ్ళు, 1611 నుంచి ఇంగ్లీషువాళ్ళు అక్కడ వర్తక స్థావరాలు పెట్టుకున్నారు. పర్షియాకి పోయే ఓడలు ఎక్కాలన్నా అక్కడికే వెళ్ళాలి. అంటే గోల్కొండ రెండు సముద్రాలకీ మధ్యలో కూర్చున్న సంత. ఇటు సూరత్, అటు బందరు. ఈ కట్టడాన్ని అర్థం చేసుకోవాలంటే గోడలకన్నా ముందు ఈ దారి చూడాలని నేను అందరికీ చెప్తుంటాను. దారి లేకపోతే ఇది ఉత్త రాళ్ళ గుట్ట.

ఎవరెవరు దిగేవారు?

అతిథుల రిజిస్టరేమీ మనకి మిగల్లేదు కాబట్టి పేర్లు చెప్పలేం. ఈ దారుల్లో తిరిగినవాళ్ళెవరో మాత్రం తెలుసు. వజ్రాలు కొనేవాళ్ళు, బట్టల వ్యాపారులు, గుర్రాల వ్యాపారులు, ఇరాన్ నుంచి కొలువు వెతుక్కుంటూ వచ్చే పండితులు, సిపాయిలు, ఫకీర్లు. గోల్కొండ దర్బారులో ఫార్సీ నడిచేది. ఫర్మానాలు కొన్ని ఫార్సీ, తెలుగు రెండింట్లోనూ ఉండేవి. ఇలాంటి సరాయి వాకిట్లో తెలుగు, దక్కనీ, ఫార్సీ మూడూ వినపడి ఉంటాయంటే అతిశయోక్తి కాదు.

దారి మీద అందరికన్నా ఎక్కువ కనపడేది లంబాడీల బిడార్లు. బంజారా దర్వాజా, బంజారా హిల్స్ పేర్లు వాళ్ళవే. ధాన్యం, పప్పులు, ఉప్పు ఎద్దుల వీపున వేసి ఊళ్ళకి ఊళ్ళు దాటించేవారు. పదీ పన్నెండు వేల ఎద్దులున్న బిడార్లు చూశానని టావెర్నియర్ రాశాడు. ఇరుకు దారిలో అలాంటి మంద ఎదురైతే అదంతా దాటేదాకా రెండు మూడు రోజులు బండి పక్కకి ఆపుకుని కూర్చోవాల్సి వచ్చేదట. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి టోలీచౌకీ దగ్గర ఇరుక్కున్నప్పుడు నాకు ఇది గుర్తుకొచ్చి కాస్త ఓదార్పుగా ఉంటుంది.

అయితే అంత పెద్ద బిడార్లు సరాయిలో దిగవు. వాళ్ళు గుడారాలు వేసుకుని ఆరుబయట ఉండేవారు. ఆలుమగలూ పిల్లలూ అంతా ఆ ఎద్దులతోనే. ముప్ఫై గదులున్న చోటు చిన్న బృందాలకే సరిపోతుంది.

ఒంటెలు నిజంగా వచ్చేవా? తెలుగు దేశంలో ఒంటెలేమిటి?

పడమటి నుంచి పొడి నేలల మీదుగా వచ్చే బిడార్లలో వచ్చేవి. వానాకాలంలో నల్లరేగడి బురదలో మాత్రం ఒంటె పనికిరాదు, కాళ్ళు జారతాయి. అందుకే మన వైపు బరువంతా ఎద్దు మీదే. చక్రాల బండికి కూడా ఇక్కడి దారులు అనుకూలంగా ఉండేవి కావు. కొండలు, చెరువులు, వాగులు అడ్డం. టావెర్నియర్ చిన్న బండి ఒకటి తోలుకుని వజ్రాల గనుల దాకా పోయాడు కానీ, చెడ్డ చోట్ల దాన్ని విప్పి, ముక్కలు మోయించి, అవతల మళ్ళీ బిగించుకోవాల్సి వచ్చిందట.

వజ్రాలు గోల్కొండలోనే తవ్వారా?

లేదు. గనులు ఇక్కడ లేవు. పేరున్న కొల్లూరు గని కృష్ణ ఒడ్డున పల్నాడు వైపు ఉండేది. ఆ చోటు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది. గోల్కొండది బజారు మాత్రమే. కానీ పేరు బజారుకే దక్కింది.

ఒక రాత్రి ఎలా గడిచేది?

సరాయి అంటే హోటల్ అని ఊహించుకుని వచ్చినవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. మంచం ఉండదు, పరుపు ఉండదు, బల్లలు కుర్చీలు ఉండవు. నాలుగు గోడలు, పైన కప్పు, ముందు ఒక కమాను. చాప, దుప్పటి, చెంబు, వంటగిన్నె అన్నీ మనవే. పశువుని సాలలో కట్టి, మేత చూసుకుని, సామాను గదిలో తలాపున పెట్టుకుని పడుకోవడం. ఈ ఏరియాకి నేను మొదట వచ్చింది బ్యాచిలర్‌గా, ఒక హాస్టల్ గదిలో ఆరుగురిలో ఆరోవాడిగా. చాప నాదే, బకెట్టు నాదే, తాళం కూడా నాదే. హాస్టల్ వాళ్ళిచ్చింది గోడలు, మూడు రెక్కల్లో రెండే ఉన్న ఫ్యాను. అందుకే నాకు సరాయి తొందరగానే అర్థమైంది.

రాత్రి పూట అసలు సంగతి తలుపు. మొగల్ రాజ్యంలోని సరాయిల గురించి మనూచీ రాసినదాంట్లో ఒక ముచ్చట ఉంది. ఇటలీ నుంచి కుర్రాడిగా వచ్చి, మొగల్ యువరాజు దారా షికో దగ్గర పనిచేసి, చివరికి మద్రాసులో స్థిరపడిన మనిషి ఆయన. పొద్దు గూకగానే పెద్ద తలుపు మూసేస్తారు. తెల్లవారి తలుపు తియ్యబోయే ముందు కాపలావాడు మూడుసార్లు గట్టిగా కేకేస్తాడు: ఎవరి సామాను వాళ్ళు చూసుకోండి, అని. ఎవరిదైనా వస్తువు పోయిందంటే అది దొరికేదాకా తలుపు తియ్యరు. దొంగ లోపలే ఉన్నాడు కదా! దొరికితే శిక్ష అక్కడికక్కడే.

షేక్‌పేటలో సరిగ్గా ఇదే పద్ధతి నడిచిందని నేను అనడం లేదు. గోల్కొండ వేరే రాజ్యం. కానీ ఒకే దారి మీద, ఒకే వర్తకుల కోసం కట్టిన చోట్లలో ఇబ్బందులు ఒకటే. నాలుగు వైపులా కట్టడం, మధ్యలో వాకిలి, రాకపోకలన్నీ ఒకచోటి నుంచే జరిగేలా కాపలా. సరాయిలన్నీ ఇస్తాంబుల్ నుంచి ఢాకా దాకా ఒకే అచ్చులో పోసినట్టు ఉండడానికి కారణం ఈ తలుపు లెక్కే.

భోజనం పెట్టేవారా? అద్దె ఎంత?

ఉత్తరాది సరాయిల్లో వంట చేసిపెట్టడానికీ, మేత తేవడానికీ, గది ఊడవడానికీ భటియారాలు అని ఆలుమగలు ఉండేవారు. వాళ్ళకి చేసిన పనికి ఇంత అని ఇచ్చేవారు. రాజులూ, శ్రీమంతులూ సరాయి కట్టించేది పుణ్యం కోసమూ, వర్తకం పెరగడం కోసమూను. వ్యాపారి ఊళ్ళోకి వస్తే సుంకం ఎలాగూ వస్తుంది. గది అద్దె మీద బతకాల్సిన పని కట్టించినవాళ్ళకి లేదు.

మన వాళ్ళలో వంట విషయం ఇంకాస్త చిక్కు. ఎవరి కుండ వాళ్ళది, ఎవరి పొయ్యి వాళ్ళది. సొంతంగా వండుకోలేని ఒంటరి బాటసారికి ఊళ్ళో పూటకూళ్ళ ఇల్లు ఉండేది. డబ్బు తీసుకుని అన్నం పెట్టే ఆ ఇళ్ళు కాకతీయుల కాలం నాటికే ఓరుగల్లులో ఉన్నాయి. పడక ఒక చోట, తిండి ఇంకో చోట. లాడ్జింగ్, బోర్డింగ్ అని రెండూ కలిపి ఒకే బోర్డు మీద రాయడం తర్వాతి సంగతి.

మసీదు ఉంది కాబట్టి ముస్లింలకే ఇచ్చేవారా?

వర్తకం మీద బతికే రాజ్యం అలా గేటు వేసుకుంటే నష్టం తనకే. వర్తకుల్లో గుజరాతీలు, కోమట్లు, ఆర్మీనియన్లు, యూరోపియన్లు అందరూ ఉండేవారు. రోజుకి ఐదుసార్లు ప్రార్థన చేసుకునే బాటసారికి మసీదూ, కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి నీళ్ళూ దగ్గర్లో ఉండాలి కాబట్టి సరాయి పక్కన మసీదు కట్టడం మామూలు. ఒక్కోసారి మసీదే బస కూడా. భాగ్‌నగర్‌కి ఏటి అవతల వర్తకులు ఉండే పేటలో రెండు మూడు అందమైన మసీదులు పరదేశులకి సరాయిలుగా పనికొస్తున్నాయనీ, ఆ చుట్టుపక్కలే గుళ్ళు కూడా ఉన్నాయనీ టావెర్నియరే రాశాడు.

మన సత్రానికీ దీనికీ తేడా ఏమిటి?

సత్రం పుణ్యక్షేత్రం దారి మీద ఉంటుంది, సరాయి సంత దారి మీద ఉంటుంది. నేను చెప్పే తేడా ఇంతే, ఇది నా సొంత లెక్క. సత్రంలో యాత్రికుడికి అన్నం పెడతారు, చాలాచోట్ల ఏ కులంవాళ్ళకి అని కూడా రాసి ఉంటుంది. సరాయిలో అన్నం లేదు కానీ గుర్రానికి చోటుంది. సత్రంలో గుర్రానికి చోటు ఎక్కడుంది?

ఈ రెండిటికీ మధ్యలో చావడి ఒకటి. ఊరి పెద్దలు కూర్చునేదీ అదే, బాటసారి నడుం వాల్చేదీ అదే. మద్రాసు ఇంగ్లీషువాళ్ళు ఆ చావడినే పట్టుకుని చౌల్ట్రీ అన్నారు. మనం ఆ చౌల్ట్రీని వెనక్కి తెచ్చుకుని, ఇంగ్లీషు మాట అనుకుని వాడుతున్నాం.

హైదరాబాద్‌లో ఇలాంటివి ఇంకా ఉన్నాయా?

ఉన్నాయి, ఒక్కోటీ ఒక్కో దారికి కాపలా. విజయవాడ హైవే మీద హయత్‌నగర్ వెళ్ళండి. హయత్ బక్షీ బేగం పేరు మీద వెలిసిన ఊరు. అక్కడి మసీదు చుట్టూ విశాలమైన ఆవరణ, ఆ ఆవరణ పొడుగునా వరసగా కమాన్ల గదులు, నూటికి పైనే. అది మచిలీపట్నం దారి మీద నగరం దాటాక తగిలే మజిలీ. షేక్‌పేట కన్నా చాలా పెద్దది. నిజం చెప్పాలంటే సరాయి అంటే ఏమిటో ఒక్క చూపులో తెలియాలంటే హయత్‌నగరే మేలు. పక్కనే ఏనుగులు దిగి నీళ్ళు తాగేవని చెప్పే హాథీ బావి కూడా ఉంది. నేను షేక్‌పేట గురించి రాస్తున్నది ఇది నా పేట కాబట్టి, అంతకుమించి పక్షపాతమేం లేదు.

పురానాపూల్ దగ్గర మియాన్ ముష్క్ మసీదు ఉంది. అబ్దుల్లా కుతుబ్ షా కాలపు అధికారి కట్టించిన ఆ ఆవరణలోనూ బాటసారుల గదులు ఉండేవి. 1578లో కట్టిన ఆ వంతెనే గోల్కొండకీ, మూసీ అవతలి గట్టుకీ దారి కాబట్టి అక్కడ బస ఉండడం సహజం.

ఇక నాంపల్లి సరాయి. అది నిజాం కాలంనాటిది, రైల్వే స్టేషన్ దగ్గర. గుర్రం దిగేవాళ్ళ కోసం కాదు, రైలు దిగేవాళ్ళ కోసం.

మరి షేక్‌పేట సరాయి ఎందుకు పాడుపడింది?

ఒక్క దెబ్బకి పడలేదు, కాస్త కాస్తగా ఖాళీ అయింది.

1656లో ఔరంగజేబు ఇంకా యువరాజుగా ఉండగానే మొగల్ సేన వచ్చి హైదరాబాద్‌ని దోచింది. 1687లో ఆయన పాదుషాగా మళ్ళీ వచ్చి కోట చుట్టూ ఎనిమిది నెలలు కూర్చున్నాడు. చుట్టుపక్కల ఊళ్ళకి ఆ ఎనిమిది నెలలు ఎలా గడిచి ఉంటాయో ఊహించుకోండి. ఒక పెద్ద సేన మేత మేసిన చోట వర్తకుడికి ఏం మిగులుతుంది? ఆ సెప్టెంబరులో కోట పడింది, రాజ్యం పోయింది. తర్వాత రాజధాని ఔరంగాబాద్. 1763లో నిజాం అలీ ఖాన్ రాజధానిని తిరిగి హైదరాబాద్‌కి తెచ్చాడు కానీ, తెచ్చింది మూసీ అవతలి నగరానికి. గోల్కొండ అప్పటికే పాత ఇల్లు. పండగకి వచ్చి పోవడమే కానీ కాపురం ఉండరు. అటు మచిలీపట్నం వర్తకం మెల్లగా మద్రాసుకి జారిపోయింది.

చివరి దెబ్బ రైలు. 1874లో ఇప్పటి కర్ణాటకలోని వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కి లైను పడింది. దాంతో బొంబాయి వైపు దారి రైలెక్కింది. 1889కి బెజవాడ లైను కూడా వచ్చింది, తూర్పు దారీ రైలెక్కింది. నేను పైన చెప్పిన రెండు దారులూ పదిహేనేళ్ళ తేడాలో ఇనుప పట్టాల మీదకి మారిపోయాయి. ఆ పట్టాలు షేక్‌పేట మీదుగా పోలేదు. అందుకే కొత్త సరాయి నాంపల్లిలో లేచింది, పాతదాంట్లో రావి మొక్కలు లేచాయి.

తమాషా ఏమిటంటే దారి మళ్ళీ ఇటే వచ్చింది. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు పోయే ట్రాఫిక్ అంతా ఇప్పుడు షేక్‌పేట మీదుగానే. ఆ దారి పొడుగునా హాస్టళ్ళు, పీజీలు, బిర్యానీ హోటళ్ళు. ఊరు కాని ఊరు వచ్చినవాళ్ళకి చోటివ్వడం ఈ పేట మానలేదు. కాకపోతే సరాయిలో ఇవ్వడం లేదు.

దేనితో కట్టారు? సిమెంటుతో గట్టి చేసేస్తే సరిపోదా?

ఇక్కడి నల్లరాయి, డంగు సున్నం. ఈ ప్రాంతమంతా గుండ్ల మయం, రాయికి కొదవ లేదు. సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో రోజుల తరబడి తిప్పి, బెల్లం నీళ్ళు, మారేడు గుజ్జు లాంటివి పోసి మెత్తగా నూరుతారు. అది ఆరడానికి నెలలు పడుతుంది, గట్టిపడడం ఏళ్ళ తరబడి సాగుతుంది. చేత్తో తాకితే గోడ కాస్త చల్లగా ఉంటుంది. తేమ లోపలికి తీసుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది.

సిమెంటు వదలదు. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే లోపలి తేమకి దారి మూసుకుపోతుంది. నీళ్ళు రాయికీ పూతకీ మధ్య ఇరుక్కుని ఉప్పు పొంగి, రెండు మూడు వానాకాలాల్లో పెచ్చులుగా ఊడుతుంది. ఊడేటప్పుడు సిమెంటు ఒక్కటే ఊడదు, పాత సున్నాన్నీ పట్టుకుని పోతుంది. పక్కనే కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013 నుంచి ఆగా ఖాన్ ట్రస్టువాళ్ళు చేసిన పనిలో పెద్ద భాగం, అంతకుముందు ఎప్పుడో పూసిన సిమెంటుని గీకి తీసెయ్యడమే. ఆ తర్వాతే సున్నం. కాబట్టి ఎవరైనా "రెండు బస్తాలు సిమెంటు పడేస్తే పోలా" అంటే నాకు బీపీ పెరుగుతుంది.

బాగు చేస్తున్నారా? హోటల్‌గా మారిస్తే తప్పా?

ఇటీవలి సంవత్సరాల్లో ప్రభుత్వం పునరుద్ధరణకి పూనుకుంది. హోటల్ సంగతికొస్తే, మళ్ళీ మనుషులు వచ్చి పడుకుంటే సరాయికి అంతకన్నా మర్యాద ఏముంటుంది? ఇరాన్‌లో ఇస్ఫహాన్ నగరంలో ఒక పాత కార్వాన్‌సరాయి ఎన్నో దశాబ్దాలుగా పెద్ద హోటల్‌గా నడుస్తోంది. ఆ దేశంలోని 54 కార్వాన్‌సరాయిలని యునెస్కో 2023లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నా భయం ఏసీల గురించి. ప్రతి గదికీ ఒక ఏసీ, ప్రతి ఏసీకి గోడలో ఒక కన్నం, దాని కింద కారే నీళ్ళు, బాత్రూముల కోసం రాతి గోడల్లో పైపులు. గదికి ఒక రాత్రికి ఎంత పెడతారో కూడా ఊహించగలను. ఎద్దుల కాపరి దిగిన గదిలోకి వాడి మునిమనవడు టీ తాగడానికైనా వెళ్ళగలిగితే చాలు. వాకిలి అందరికీ, గదులు కొన్ని బసకి అని సగం సగం చేస్తే నాకు అభ్యంతరం లేదు. నన్నెవరూ అడగలేదనుకోండి.

దెయ్యాలున్నాయటగా?

గబ్బిలాలుంటాయి. పాడుపడ్డ కట్టడం ఏదైనా అంతే.

వెళ్తే ఏం చూడాలి?

పని జరుగుతుంటే లోపలికి పంపకపోవచ్చు, కాపలా ఉన్నవాళ్ళని అడిగి వెళ్ళండి. ఉదయం పూట ఎండ ఏటవాలుగా పడేటప్పుడు వెళ్తే కమాన్ల లోతు తెలుస్తుంది. మిట్ట మధ్యాహ్నం అంతా ఒకే బూడిద రంగు. మెట్ల మీద పాకుడు, విరిగిన రాళ్ళు ఉండొచ్చు. వానలో పిల్లల్ని పై అంతస్తుకి ఎక్కించకండి.

నేను పిల్లల చేత ఒక పని చేయిస్తాను. మనుషుల గది కమాను ముందు నిలబెట్టి చేతులు చాపమంటాను. తర్వాత సాలల వైపు తీసుకెళ్ళి అక్కడా అదే పని. ఇక్కడ ఒంటె పట్టాలి, దాని మీద మూపురం, రెండు పక్కలా మూటలు, అని చెప్పి ఎంత ఎత్తు కావాలో వాళ్ళనే లెక్క వెయ్యమంటాను. మా అక్క కొడుకు చాలాసేపు కప్పు వంక చూసి, "మామయ్యా, ఒంటెకి ఇచ్చిన చోటు మన ఫ్లాట్ హాలు కన్నా పెద్దది" అన్నాడు. వాళ్ళమ్మ అక్కడే ఉంది కాబట్టి నేనేం మాట్లాడలేదు.